పెరటి గుంటలో పచ్చనీళ్ళు

మస్కట్‌లో పదిహేడేళ్ళు నేను చేసిన పని ఒక్కటే, నీళ్ళను తేటగా ఉంచడం. అక్కడ పెద్ద పెద్ద ఇళ్ళ వెనకాల స్విమ్మింగ్ పూల్స్ ఉంటాయి. పొద్దున్నే కంపెనీ వ్యాన్ మమ్మల్ని ఒక్కో ఇంటి దగ్గర దింపి వెళ్ళేది. నీళ్ళ మీద పడ్డ ఆకుల్ని వలతో తీసి, గోడలకు పట్టిన పాకుడు బ్రష్‌తో తోమి, మందు కలిపి, అడుగున పరిచిన పలకల మధ్య గీతలు పైనుంచి స్పష్టంగా కనబడేదాకా పని చేసేవాణ్ణి. కొన్ని ఇళ్ళలో నెలల తరబడి ఎవరూ ఆ నీళ్ళలో కాలు పెట్టేవాళ్ళు కాదు. అయినా మర్నాడు మళ్ళీ తోమాల్సిందే. ఊరికొచ్చినప్పుడు ఎవరైనా ‘అక్కడేం చేస్తావు’ అని అడిగితే, ‘నీళ్ళు కడుగుతాను’ అనేవాణ్ణి. నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి కానీ, లోపల ఆ పని మీద నాకు గర్వం ఉండేది.

తిరిగొచ్చేసి మూడేళ్ళయింది. మా ఇల్లు మామిడికుదురుకీ రాజోలుకీ మధ్య, పంట కాలవ పక్కన ఉంటుంది. మా వైపు ఇల్లు కట్టాలంటే ముందు నేల మెరక చేసుకోవాలి. వరదొస్తే నీళ్ళు గడప దాటకూడదు కదా. అందుకని పెరట్లోనే మట్టి తవ్వి ముందువైపు పోస్తారు. అలా ప్రతి ఇంటి వెనకా ఒక గొయ్యి మిగిలిపోతుంది. మా ఇంటి వెనక గొయ్యిలో వానాకాలమంతా కప్పలూ, మిగతా రోజులంతా దోమలూ ఉండేవి. పూడ్పించేద్దామని మా ఆవిడ నేను మస్కట్‌లో ఉన్నప్పటి నుంచీ అంటూనే ఉంది.

“పూడ్చడమెందుకు? చేపల గుంట చేస్తాను. అడుగున ఆవగింజ పడినా కనిపించేలా ఉంచుతాను చూడు,” అన్నాను.

ఒక కార్తీక మాసంలో పని మొదలుపెట్టాను. నాలుగు గోడలూ సిమెంటు చేయించాను. నాకు తెలిసిన కొలను రంగు ఒకటే కాబట్టి లోపలంతా లేత నీలం రంగు వేయించాను. రంగు మందు వాసన పోవడానికి మూడుసార్లు నీళ్ళు నింపి తోడించాను. గుంట గట్టునే ఒక జామచెట్టు ఉండేది. దాని కొమ్మలు సగం గుంట మీదికి వాలి ఉండేవి. అది కొట్టించేద్దామంటే మా ఆవిడ అడ్డం వచ్చింది.

“కాపు మీదున్న చెట్టండీ అది. ఆకులు రాలితే నేనేరతాను. కొట్టించకండి.”

పదిహేడేళ్ళు నీళ్ళ మీద ఆకు కనబడితే చెయ్యి ఊరుకోని మనిషిని నేను. వినలేదు. చెట్టు కొట్టించాక రెండు రోజులు ఆవిడ నాతో పొడిపొడిగానే మాట్లాడింది.

చేపలు అమలాపురంలో కొన్నాను. ముప్ఫై బంగారు చేపలు. గాలి నింపిన రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టిచ్చారు. బస్సులో ఆ సంచుల్ని చంటిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, పక్క సీట్లో ముసలావిడ కాసేపు వాటిని తేరిపార చూసింది.

“ఇవి పులుసుకి బాగుంటాయేంటండి?”

“కూరకి కాదండి. ఊరికే చూసుకోడానికి.”

“ఆయ్,” అంది ఆవిడ. ఆ తర్వాత దారంతా చేపల్ని కాకుండా నన్ను చూసింది.

మొదటి నెల రోజులూ ఆ గుంట దగ్గర నుంచి నన్నెవరూ లేపలేకపోయేవారు. నీలం నీళ్ళలో నారింజ రంగు చేపలు తిరుగుతుంటే ఊళ్ళో వాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళేవారు. మా పక్కింట్లో మా మేనత్త ఉంటుంది, మా నాన్నగారి చెల్లెలు. ఆ ముందు ఆషాఢంలోనే మావయ్య పోయారు. అప్పటి నుంచి గుమ్మం దాటని మనిషి, చేపలొచ్చాక మా దొడ్డి తలుపు తీసుకుని వచ్చి గట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. అందుకు మేమిద్దరం చాలా సంతోషించాం.

మాఘ మాసం చివర్లో ఒక రోజు నీళ్ళు కాస్త మసకబారినట్టు అనిపించింది. వారం తిరిగేసరికి గుంట మొత్తం బచ్చలాకు నూరి కలిపినట్టు తయారైంది. మోచేతి దాకా చెయ్యి ముంచితే వేళ్ళు కనబడటం లేదు. చేపలున్నాయో లేవో కూడా తెలియదు. మేత వేసినప్పుడు మాత్రం పచ్చటి నీళ్ళలోంచి గుండ్రటి నోళ్ళు పైకి వచ్చి, తిని, మాయమైపోయేవి.

చూడ్డానికి వచ్చినవాళ్ళు ఊరుకోరు కదా. “గల్ఫులో ఇలాగే ఉంచేవారేంటండి?” అన్నారొకరు. మరొకరు ఆ నీళ్ళు వరిచేలోకి తోడుకుంటే ఎరువు ఖర్చు తప్పుతుందన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు అన్నం సయించలేదు.

నాకు తెలిసిన మందు క్లోరిన్. అది పోస్తే తెల్లారేసరికి నీళ్ళు అద్దంలా ఉంటాయి, చేపలు శవాలై తేలుతాయి. కాబట్టి నాకు తెలిసిన రెండో పని చేశాను. రోజూ లోపలికి దిగి గోడలు బ్రష్‌తో తోమాను. తోమిన పాకుడంతా నీళ్ళలో కలిసి ఇంకా చిక్కబడింది. సగం నీళ్ళు తోడేసి కాలవ నీళ్ళు నింపాను. రెండు రోజులు బాగానే ఉంది, మూడో రోజు మళ్ళీ అదే పచ్చదనం. ఇలా నాలుగుసార్లు చేశాను.

తర్వాత పటిక గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు కాలవ నీళ్ళు బిందెల్లో తెచ్చి పటిక ముక్క తిప్పేవారు, గంటలో ఒండ్రు అడుక్కి దిగిపోయేది. బిందెకి ఇంత అయితే గుంటకి ఎంతని నాకు నేనే లెక్క కట్టుకుని, పొడి కొట్టి, నీళ్ళలో కలిపి చల్లాను. సాయంత్రానికి నీళ్ళు నిజంగానే తేరుకున్నాయి. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను కూడా. మర్నాడు పొద్దున్న చూస్తే మూడు చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి.

వాటిని కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెడుతుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“ఇంక మందులొద్దండి. పచ్చగా ఉంటే ఉండనివ్వండి. బతికుంటే చాలు,” అంది.

నాలుగు రోజులకల్లా నీళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి.

ఎండలు ముదిరాక కాలవలకి నీళ్ళు కట్టేశారు. మా దగ్గర బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. ఇక నీళ్ళు మార్చే దారి కూడా లేదు. మే నెలలో ఒక రోజు తెల్లవారుజామున లేచి చూసేసరికి, చేపలన్నీ ఒకే మూల చేరి నోళ్ళు పైకెత్తి గాలి మింగుతున్నాయి. బకెట్టుతో నీళ్ళు ముంచి, ఎత్తునుంచి మళ్ళీ గుంటలోకే పోయడం మొదలుపెట్టాను, గాలి కలుస్తుందని. చప్పుడుకి మా ఆవిడ లేచొచ్చింది. కొంగు బిగించి, ఇంకో బకెట్టు తెచ్చి అవతలి గట్టున నిలబడింది. ఎండ ఎక్కేదాకా ఇద్దరం అలా ముంచి పోస్తూనే ఉన్నాం. అవి మెల్లగా చెదిరి లోపలికి వెళ్ళాయి. ఆ తర్వాత ఓ పది రోజులు మా ఇంట్లో తెల్లారడం అలాగే ఉండేది. రెక్కలు పీకేవి. కానీ ఆ గంటన్నరా మేమిద్దరం ఎన్ని కబుర్లు చెప్పుకున్నామో! నేను లేని పదిహేడేళ్ళలో ఆవిడ ఒక్కత్తీ నెట్టుకొచ్చిన వరదల సంగతీ, తుఫానుకి వంటింటి పెంకులు లేచిపోయిన సంగతీ నాకు పూర్తిగా తెలిసింది ఆ గట్టు మీదే.

ఆ రోజుల్లోనే కొబ్బరి దింపు తీసే మనిషి వచ్చాడు, చెట్లెక్కి కాయలు కోసేవాడు. మా చెట్లూ, అత్త చెట్లూ, అవతలి తోటా కలిపి మూడు రోజుల పని. మూడో రోజు మధ్యాహ్నం మా వెనక అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ గుంట వైపు చూసి అడిగాడు.

“ఆయ్, ఓ మాటడగొచ్చాండి?”

“అడగవయ్యా.”

“మీ చేపలకి రోజుకెన్నిసార్లండి మేత?”

“ఒక్కసారే. పొద్దున్న నేనే వేస్తాను.”

అతను గ్లాసు కింద పెట్టి నవ్వాడు. “మూడ్రోజులుగా పైనుంచి చూత్తన్నానండి. పొద్దున్న మీరేత్తన్నారు. పదింటికి అమ్మగారు మరమరాలేత్తన్నారు. మద్దేనం ఆ పక్కింటి పెద్దమ్మగారు అన్నం ముద్దలేత్తన్నారు. సందేళ మళ్ళీ మీరే వచ్చి ఓ గుప్పెడు. అంత తిండి అవేం తింటాయండి? తిన్నది కొంతా, కుళ్ళింది కొంతా. దానికితోడు నెత్తిన చెట్టు నీడన్నది లేదు. నాచుకి తిండీ ఎండా రెండూ మీరే పెడతన్నారు కదండీ.”

వంటింట్లో గిన్నెల చప్పుడు టక్కున ఆగిపోయింది.

సాయంత్రం కూడా వేస్తున్నానన్న సంగతి నాకే గుర్తు లేదు. ఆ వేళకి గట్టు మీద కూర్చుంటే, చెయ్యి దానంతటదే డబ్బాలోకి వెళ్ళేది. ఇక జామచెట్టు సంగతి నేను ఎత్తలేదు. మా ఆవిడ కూడా ఎత్తలేదు. అది ఆవిడ మంచితనం.

అతను వెళ్ళాక ఆవిడే బయటికొచ్చింది. “నన్ను చూడగానే పైకొచ్చేస్తాయండి. ఖాళీ చేతుల్తో ఎలా వెళ్ళమంటారు?” అంది తప్పు చేసినట్టు.

“మరి అత్త?”

“ఆవిడతో మీరు మాట్లాడకండి. మీరు సూటిగా అనేస్తారు. నేను చెప్తాను.”

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం వెనక గుమ్మంలో నిలబడ్డాం. అత్త కంచు గిన్నెతో వచ్చి గట్టు మీద కూర్చుంది. అన్నం చిన్న చిన్న ముద్దలుగా పిసికి ఒక్కొక్కటే నీళ్ళలో వేస్తోంది. వేస్తూ వాటితో మాట్లాడుతోంది.

“రండర్రా, రండి. ఇయాళ వంకాయ కాస్త మాడింది. ఆయనుంటే గిన్నె నెట్టేసేవారు. మీకేం, మీరు ఏమన్నా తింటారు.”

మావయ్య పోయిన తర్వాత ఆవిడ అన్ని మాటలు వరసగా మాట్లాడగా నేను వినలేదు. నా కాలి కింద ఎండుటాకు చప్పుడైంది. అత్త తిరిగి చూసి గిన్నె కొంగు చాటుకి లాక్కుంది.

“ఏంట్రా అలా చూస్తావు? చేతికింకా ఇద్దరికి బియ్యం పొయ్యడమే అలవాటు. ఎంత తక్కువ పోద్దామనుకున్నా మిగిలిపోతంది. అన్నం పారేస్తానేంట్రా?”

నేను నోరు తెరవబోతే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, వెళ్ళి అత్త పక్కన కూర్చుంది. చెట్టు మీద నుంచి ఆ మనిషి చూసినదంతా చెప్పింది, ముందు తన తప్పూ నా తప్పూ చెప్పి, ఆఖర్న ఆవిణ్ణి కలిపింది.

అత్త మొహం వాడిపోయింది. “అయితే నేనే చంపేశానంటావా వాటిని?”

“అబ్బే, అవి పటికకి పోయేయండి, అది ఈయన చేసిన పని. అది కాదు పిన్నిగారూ. ఇవాళ్టి నుంచి చేపలు మీవండి. ఈయన వెయ్యరు, నేనూ వెయ్యను. మీరే వెయ్యండి. అన్నం మాత్రం వద్దు. ఇదిగో ఈ మేత, ఈ చెంచాతో రోజుకొక్కసారి.”

“మరి అన్నం?”

“మధ్యాహ్నం మా ఇంట్లోనే తినండి. ముగ్గురికీ కలిపి నేను వండుతాను.”

“ఒకరింట్లో కూచుని తినే మనిషినా నేను?” అంది అత్త వెంటనే. ఆ మాటలో పాత పౌరుషం వినిపించి నాకు లోపల ఆనందమేసింది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి అన్నం మా ఇంట్లో, కూర అత్త ఇంట్లో అని ఒప్పందం కుదిరింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పన్నెండున్నరకి దొడ్డి తలుపు కిర్రుమంటే కూర వచ్చినట్టు లెక్క. అత్త చేతి వంట ఎంత బాగుంటుందో అన్నాళ్ళూ మేము మర్చేపోయాం. ముఖ్యంగా పనసపొట్టు కూర.

ఇక మిగిలింది ఎండ. దింపు మనిషే నాలుగు పచ్చి కొబ్బరి మట్టలు కొట్టి పడేస్తే, వెదురు గుంజలు పాతి గుంట మీద సగం దాకా పందిరి వేశాను. గట్టున ఆనప గింజలు పెట్టాం, తీగ ఎక్కేదాకా మట్టలే నీడ. నీళ్ళు కదలడానికి చిన్న పంపు కొన్నాను. పాత ప్లాస్టిక్ డ్రమ్ములో అడుగున కంకరా, మీద ఇసకా, ఆ మీద కొబ్బరి పీచూ నింపి, పంపు నీళ్ళు దాన్లోంచి వడకట్టుకుని మళ్ళీ గుంటలో పడేలా పెట్టాను. మస్కట్‌లో నేర్చుకున్న దాన్లో ఈ ఒక్కటీ పనికొచ్చింది. గోడలు తోమడం మానేశాను. చేతులు దురదపెట్టేవి, అయినా మానేశాను.

జూన్‌లో కాలవలు వదిలారు. ఈసారి సగం కాదు, పావు వంతు నీళ్ళు మాత్రమే మార్చాను. కాలవ గట్టున దొరికిన కలువ దుంపలు రెండు, మట్టి నింపిన కుండీల్లో పెట్టి అడుగున దించాను. ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. ఎదురుచూడటమే. నా జీవితంలో నీళ్ళ విషయంలో అంత కష్టమైన పని నేను చేయలేదు.

రోజూ పొద్దున్నే గట్టు మీద బోర్లా పడుకుని నీళ్ళలో చెయ్యి ముంచి చూసేవాణ్ణి. మొదట్లో మణికట్టు దగ్గరే వేళ్ళు మాయమైపోయేవి. వారం తర్వాత కూడా అంతే. మూడో వారంలో ఇంకో జానెడు లోతున గోళ్ళు కనిపించాయి. మా ఆవిడ కాఫీ తెచ్చి, “ఇవాళ ఎందాకా వచ్చేరు?” అని అడిగేది. “మోచెయ్యికి దగ్గరలో ఉన్నాను,” అనేవాణ్ణి. ఆనప తీగ పందిరెక్కి పూత పట్టింది. కలువ ఆకులు మడతలు విప్పుకుంటూ పైకొచ్చాయి.

శ్రావణ మాసం. ఆ రోజు మధ్యాహ్నం నేను నడుం వాల్చాను. దొడ్లోంచి అత్త కేక వినబడింది.

“ఒరేయ్ అబ్బాయ్! పరిగెత్తుకురా! ఇద్దరూ రండి!”

ఎవరైనా నీళ్ళలో పడ్డారేమోనని చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను. అత్త గట్టు మీద వంగి చెంచాతో నీళ్ళలోకి చూపిస్తోంది. పందిరి సందుల్లోంచి పడుతున్న ఎండలో అడుగు కనబడుతోంది. నేను వేయించిన నీలం కాదు, దాని మీద సన్నటి పచ్చని నూగు. దాని మీదుగా బంగారు చేపలు నింపాదిగా వెళుతున్నాయి. మేం లెక్కపెట్టాం. మళ్ళీ లెక్కపెట్టాం. ఇరవై ఏడు. పటిక తీసుకుపోయిన మూడూ తప్ప, ఒక్కటీ పోలేదు.

“అవి కాదురా, అటు చూడు. ఆ ఆకుల కింద,” అంది అత్త.

కలువ ఆకుల నీడలో వేలి గోరంత చేపలు, నల్లగా, పదులకొద్దీ. చెయ్యి నీడ పడితే ఒక్కసారిగా చెదిరిపోయి మళ్ళీ చేరుతున్నాయి. కాలవ నీళ్ళతో ఏవో పరక చేపలు వచ్చాయనుకున్నాం. అత్త మాత్రం ఒప్పుకోలేదు. “నా చేపల పిల్లలే,” అంది. నారింజ చేపలకి నల్ల పిల్లలేమిటని నేను నవ్వాను.

తర్వాతి దింపుకి వచ్చినప్పుడు ఆ మనిషిని అడిగాం. అతని బావమరిది చేపల చెరువుల మీద పని చేస్తాడట.

“పెద్దమ్మగారు చెప్పిందే రైటండి. ఈటి పిల్లలు మొదట నల్లగానే ఉంటాయంట. పెరిగాకే రంగు తిరుగుద్ది. చెరువులోళ్ళు పిల్లలేసే ముందు నీళ్ళలో పేడ కలిపి కావాలని పచ్చగా చేత్తారండి. ఆ నాచు మీద పుట్టే పురుగే ఈటికి పాలు. పైగా ఆ మురుగులో కనపడవు కాబట్టి పెద్ద చేపలు తినెయ్యవు.”

ఆ ఎండాకాలమంతా నేను బ్రష్షుతో, బకెట్లతో, పటికతో యుద్ధం చేసింది వాటి పాలగిన్నెతోనా! పటిక వేసిన రోజు ఇంకెన్ని గుడ్లు పోయాయో. ఆ మాట పైకి అంటే అత్త, “పోనీలేరా, తెలీక చేసింది,” అని చెంచా కడుక్కుని లోపలికి వెళ్ళింది.

దసరా వెళ్ళేసరికి ఒక్కొక్క పిల్లకీ పొట్ట కింద పసుపు తిరిగింది. ఆ తర్వాత రోజుకొకటి చొప్పున వెలిగినట్టు నారింజ రంగులోకి వచ్చాయి. అత్త రోజూ పొద్దున్నే వచ్చి, “ఇయాళ ఇంకోటి,” అని చెప్పి వెళ్ళేది. నాలుగైదు మాత్రం ఇప్పటికీ నల్లగానే ఉండిపోయాయి. అత్తకి వాటి మీదే ప్రేమ. ఎవరడిగినా అవి మాత్రం ఇవ్వదు. మిగతావాటిలో ఒక ఆరు దింపు మనిషికి ఇచ్చింది. అతనింట్లో పశువుల తొట్టిలో పెంచుతున్నాడు.

మొన్న పెద్ద వాన కురిసింది. గట్టు మీది మట్టి జారి గుంటలోకి దిగింది. పొద్దున్న లేచి చూస్తే నీళ్ళు ఎర్రగా, టీ కలిపినట్టు ఉన్నాయి. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది.

“ఏవండీ, నీళ్ళు మళ్ళీ పాడైనట్టున్నాయి. ఏమన్నా చేస్తారేంటి?”

“ఏం లేదు. రేపటికి అవే తేరుకుంటాయి.”

“అయితే రండి, పెసరట్లు చల్లారిపోతున్నాయి.”

కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాను. అల్లం పచ్చడి ఆ రోజు కాస్త ఘాటుగా కుదిరింది.